అక్క తలలో ఖాళీ సీట్లు

మేం శంషాబాద్ వెళ్లొచ్చామని తెలిసినప్పటి నుంచి తణుకులో మా వీధివాళ్లందరూ అడుగుతున్నది ఒకటే: "విమానం ఎక్కారా?" ఎక్కలేదు. నాలుగు రోజులూ విమానాల కడుపు కింద ఉన్నాం, అంతే. అక్కడే బట్టలు ఆరేసుకున్నాం, చాయ్ తాగాం, ఒకరి తాళంచెవులు పొరపాటున తెచ్చేసుకుని తిరిగి ఇవ్వడానికి వెళ్లొచ్చాం. అసలు వెళ్లింది మాత్రం మా అక్క మెదడు ఫొటో తీయించడానికి.

నేను జిరాక్స్ షాపులో డీటీపీ చేస్తాను. ఊళ్లోవాళ్ల దరఖాస్తులు, శుభలేఖలు టైపు చేస్తుంటే పొద్దు గడిచిపోతుంది. పని చేస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కనుక నాకది హాయి. అక్క సువర్ణ అలా కాదు. రైల్లో ఎదురు సీటువాళ్ల ఇంటిపేరు, పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అన్నీ రెండు స్టేషన్లలో రాబట్టేస్తుంది.

అక్కకు ఫిట్స్ ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఎప్పుడైనా వచ్చి, ఒకటి రెండు నిమిషాల్లో పోయేవి. నిరుడు వానాకాలంలో వచ్చింది మాత్రం నలభై నిమిషాలు దాటినా ఆగలేదు. కాకినాడలో వారం రోజులు ఐసీయూలో ఉంది. ఆ తర్వాత ఇంకోసారి అలాగే అయింది. ఆ సమయంలో ఏం జరిగిందో అక్కకు ఏమీ గుర్తుండదు. నేనే డైరీలో రాసిపెడతాను: ఎన్ని గంటలకు మొదలైంది, ఏ చెయ్యి ముందు కదిలింది, ఎంతసేపు. అక్క దగ్గర లేని అక్క నిమిషాలన్నీ నా దగ్గరున్నాయి. వాటిని అక్క ఎప్పుడూ చదవలేదు. చదవనని కూడా చెప్పింది.

కాకినాడ డాక్టరుగారే ఈ స్కాన్ సంగతి చెప్పారు. ఫిట్స్ ఎక్కువసేపు సాగినవాళ్ల మెదడులో, మందు వెళ్లి పట్టుకోవలసిన చోట్లు తగ్గిపోతాయట. అవి ఎక్కడ తగ్గాయో ఈ స్కాన్‌లో కనబడుతుందట. ఒక్క చోటే తగ్గి ఉంటే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు, తల మొత్తం తగ్గి ఉంటే మందులతోనే నెట్టుకురావాలి అన్నారు. విమానాశ్రయం దగ్గర ఒక ఆసుపత్రిలో, పరిశోధన కోసం, ఉచితంగా తీస్తున్నారు. పిలుపు వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. ఈసారి తప్పిపోతే మళ్లీ ఎప్పుడో చెప్పలేమని ఫోనులో గట్టిగానే చెప్పారు.

వరికోతల రోజులు. బావ కోతమిషను నడుపుతాడు, కదలడానికి లేదు. అమ్మ అక్క కూతుర్ని చూసుకోవాలి. అందుకని మేమిద్దరమే బయల్దేరాం.

ఆరాంఘర్ నుంచి

మంగళవారం పొద్దున పదకొండు కావస్తుండగా ఆరాంఘర్‌లో షాద్‌నగర్ బస్సు ఎక్కాం. శంషాబాద్ దారిలోనే వస్తుంది. సీట్లు లేవు. మా వెనక నుంచి ఒకావిడ కిటికీలోంచి కర్చీఫ్ విసిరి, మూడు కొంగులూ నాలుగు సంచులూ దాటుకుని వచ్చి, ఆ కర్చీఫ్ ఉన్న సీట్లో కూర్చుంది. మా దగ్గరా కర్చీఫ్ వేస్తారు గానీ, పడిందాన్ని తీసి పక్కన పెట్టి కూర్చునేవాళ్లూ ఉంటారు. ఇక్కడ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఆవిడ అక్క ముఖం చూసి జరిగి చోటిచ్చింది.

"కూసో బిడ్డా. యాడికి?"

"శంషాబాదండీ. మీరెంతవరకండీ?"

"షాద్‌నగర్. మా అన్న కాడికి. ఓయమ్మ, మాటమాటకు అండీ ఏందే? నేనేమన్న తాసిల్దార్‌నా?"

అక్క పెద్దగా నవ్వింది. గగన్‌పహాడ్ వచ్చేలోపు నిలబడ్డ నాకు కూడా ఆవిడ చరిత్ర తెలిసిపోయింది. పేరు యాదమ్మ. కాటేదాన్‌లో ఒక బిస్కెట్ల కంపెనీ ఎదురు సందులో కర్రీ పాయింట్ నడుపుతుంది. ఒక్క రోజు షట్టర్ మూస్తే కంపెనీవాళ్లు ఉపవాసం ఉంటారట.

మాట మధ్యలో అక్క ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు నములుతోంది. తర్వాత కుడిచెయ్యి కొట్టుకోవడం మొదలైంది.

నాకు చెయ్యాల్సింది తెలుసు. పక్కకు తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితేనే ముక్కులో స్ప్రే కొట్టాలి. దాదాపు ఎప్పుడూ రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. అక్కను పక్కకు తిప్పాను. గడియారం చూశాను. అప్పటికే బస్సంతా మా మీదికి వచ్చేసింది.

"ఇనుము పెట్టుండ్రి! ఇనుము!"

"జర గాలి ఆడనియ్యుండ్రి!"

యాదమ్మ నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి అక్క గుప్పిట్లో కుక్కింది. ఇంకెవరో బండి తాళంచెవి అందించారు. వెనక నుంచి ఒక పెద్దాయన నా చేతిలో స్ప్రే డబ్బా చూసి అరిచాడు. "చేతుల మందు పెట్టుకుని ఏం చూస్తున్నవ్ పిల్లా? కొట్టు! పానం పోయినంక కొడ్తవా?"

ఇంకా టైముందండీ అని చెప్పాలి. అంతమంది ముఖాలు ఒక్కసారి నా వైపు తిరిగితే నా గొంతు పెగలదు. కొట్టేశాను. గడియారంలో రెండు నిమిషాల పది సెకన్లు.

కాసేపటికి ఆగింది. అది మందు వల్లో, తనంతట తానే ఆగిందో తెలియదు. శంషాబాద్‌లో ఇద్దరు ఆడవాళ్లు అక్కను దింపారు, మా సంచులు ఎవరో కిందికి అందించారు. కండక్టరు అంతసేపూ బస్సు ఆపి, ఒక్క మాటన్నా విసుక్కోలేదు.

మేడమీద గది

మేం దిగింది బస్టాండుకు దగ్గర్లో ఒక కిరాణాకొట్టు మేడమీద గది. ఆసుపత్రికి వచ్చేవాళ్లకు రోజు కిరాయికి ఇస్తారు. ఓనరు, "కిరాయి సంగతి తర్వాత, ముందు పిల్లను పండబెట్టు" అన్నాడు. అక్క సాయంత్రం దాకా నిద్రపోయింది. నేను డాబా మీద కూర్చుని విమానాలు చూశాను. చక్రాలు దించుకుని, తలల మీదికే వచ్చేస్తున్నట్టు వస్తాయి. పక్క డాబా మీద ఒకామె మిరపకాయలు ఎండబెడుతూ ఒక్కసారి కూడా తలెత్తలేదు. మా ఇంటి వెనక రైసుమిల్లు చప్పుడు మాకెలా వినబడదో, వాళ్లకు ఇవీ అంతే కాబోలు.

అక్క లేచి మొదట అడిగింది: "వచ్చిందా?"

"ఆఁ. బస్సులో."

"స్ప్రే కొట్టావా?"

తల అడ్డంగా ఊపాను. ఎందుకలా ఊపానో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. స్కాన్‌కు రెండు రోజుల ముందు నుంచి ఆ మందు తగలకూడదని మాకు చెప్పారు. ఆ జాతి మాత్రలు మూడు వారాలుగా మెల్లగా తగ్గించి ఆపారు. ఇంత చేసి, ఐదు నెలలు ఆగి, ఆఖర్న నా చేత్తో నేనే పాడుచేశానని చెప్పడానికి నోరు రాలేదు.

అక్క గుప్పిట్లో చూసుకుంది. "ఇవెవరివే భానూ?"

యాదమ్మ తాళంచెవులు. రెండు పెద్దవి, ఒకటి చిన్నది, ఎర్రదారంతో కట్టినవి. అక్క గుప్పిట బిగిసిపోయి ఉండి దిగే హడావిడిలో ఎవరూ గమనించలేదు.

"అయ్యో, షట్టర్ తాళాలు! ఆవిడ రేపు కొట్టెలా తెరుస్తుంది?" అంది అక్క. నా తప్పు తెలియక, అక్క ఆ తాళాల కోసం బాధపడటం చూసి నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

అక్క అన్నం తింటుండగా డైరీలో జరిగింది జరిగినట్టు రాశాను. అబద్ధం ఆడగలిగాను గానీ రాయలేకపోయాను.

కర్చీఫ్

బుధవారం పొద్దున ఆసుపత్రిలో మా పని చూసింది శ్రీశైలం అనే టెక్నీషియన్. నలభై ఏళ్లుంటాయి. శంషాబాద్ పక్క ఊరే. ఆయన తాత జొన్న వేసిన చేను ఇప్పుడు రన్‌వేలో ఉందట. "మా తాత నాగలి తిప్పిన జాగల పైలెట్లు ఇమానం తిప్పుతున్నరు. మలుపు కాడ తాత ఎడ్లను తిట్టెటోడు, వీళ్లు ఇమానాన్ని తిడ్తుంటరు" అన్నాడు.

ఏం చేస్తారని అక్క అడిగితే ఓపికగా చెప్పాడు. "చూడక్కా, మెదడు బస్సనుకో. ఫిట్స్ ఆపే మందు ఎక్కి కూసునేటందుకు సీట్లుంటయ్. ఫిట్స్ చానాసేపు నడిచిందనుకో, సీట్లు ఒక్కొక్కటే లోపలికి ముడుసుకపోతయ్. అందుకే లేటయితే మందు పనిజెయ్యదు, ఎక్కినా కూసునే జాగ ఉండదు. మేం ఇయ్యాల నరానికి ఇచ్చేది కొంచెం వెలుగున్న మందు. అది పోయి సీట్లల్ల కూసుంటది. మిషన్ల యాడ వెలుగు కనబడితే ఆడ సీట్లున్నట్టు."

"అయితే నా బస్సులో సీట్లు లెక్కపెడతారన్నమాట."

"గంతే. ఇంతల వేరే మందు ముందే ఎక్కి కర్చీఫులేసి కూసుందనుకో, మా మందుకు జాగ దొరకదు. సీట్లున్నా లేనట్టే కనబడ్తయ్. గందుకే అడుగుతున్న. రెండు దినాలల్ల స్ప్రే గిట్ల ఏమన్న కొట్టిండ్రా?"

"లేదండీ" అంది అక్క, ధైర్యంగా. నా మాట మీద.

ఆయన కాగితం మీద రాయబోయాడు. ఆ వెలుగు మందు పొద్దునే తయారై వ్యాన్లో వచ్చింది. దాని బలం దాదాపు రెండు గంటలకు సగమైపోతుందట, దాచుకోవడానికి ఉండదు. పక్క బల్ల మీద సూది సిద్ధంగా ఉంది. చెబితే ఈ వంతు పోతుంది. చెప్పకపోతే మంచిగా ఉన్న సీట్లు కూడా లేనట్టు కనబడతాయి. అది చూసి డాక్టర్లు అక్క తల మొత్తం పాడైందనుకుంటారు, ఆపరేషన్ మాటే ఎత్తరు.

సంచిలోంచి డైరీ తీసి, మంగళవారం పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

ఆయన చదువుకుంటాడనుకున్నాను. పైకి చదివాడు, ప్రతి అక్షరం.

"'పదకొండు దాటి నాలుగు నిమిషాలు. అక్క నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. కళ్లలో నేను లేను. కుడిచెయ్యి. బస్సులో అందరూ అరుస్తున్నారు. రెండు నిమిషాల పది సెకన్లకు స్ప్రే కొట్టాను. కొట్టకూడదు. ఆగితే సరిపోయేది. అక్క అడిగితే కొట్టలేదని చెప్పాను.'"

అక్క నా వైపు చూడలేదు. డైరీ వైపు చూస్తూనే అడిగింది, "కళ్లలో నేను లేను అంటే?"

"నన్ను చూస్తున్నట్టే ఉంటావు. కానీ చూడవు."

"ప్రతిసారీ అలాగే ఉంటానా?"

"ప్రతిసారీ."

"నువ్వు ప్రతిసారీ ఎదురుగానే కూర్చుంటావా?"

దానికి నేను తలూపాను. ఈసారి నిలువుగా.

శ్రీశైలం లేచి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ డైరీ అటూ ఇటూ తిప్పి, "ఇవన్నీ నువ్వే రాశావా? ఎన్నేళ్లవి?" అంది. తొమ్మిదేళ్లవి అన్నాను. ఈ పేజీలకు ఫొటోలు తీసుకోవచ్చా అని అక్కను అడిగింది, నన్ను కాదు. ఆ తర్వాత చెప్పింది: పై వార్డులో షాద్‌నగర్ నుంచి వచ్చిన ఒకాయనకు శుక్రవారం వంతు. మందులన్నీ ఆపి సిద్ధంగానే ఉన్నాడు. ఆయన ఒప్పుకుంటే ఈ రోజు ఆయన, శుక్రవారం మేము.

ఆయన భార్య మెట్లు దిగుతూ వచ్చింది. "ఇయ్యాలనే చేస్తరా? మంచిగైంది పో! ఎల్లుండి దాకా ఈ దవాఖాన పప్పు తినలేక సచ్చిపోతుంటి" అని అక్క చెయ్యి పట్టుకుని ఊపింది. నాకు ఊపిరి వచ్చింది.

బయటికి వచ్చాక అక్క నన్ను తిట్టింది. చాయ్ బండి దగ్గర నిలబడి, పది నిమిషాలు, తీరుబడిగా. "బస్సంతా అరిస్తే కొట్టేస్తావా? రేపు బస్సంతా అరిస్తే కిందికి దూకేస్తావా?" బండి ఆయన రెండు కప్పులూ నా వైపే పెట్టాడు, జాలితో కాబోలు. ఇక్కడి చాయ్ మా టీకన్నా చిక్కన, కప్పు మాత్రం సగం.

కాటేదాన్

గురువారం తాళాలు ఇవ్వడానికి వెళ్లాం. కాటేదాన్ అంతా చిన్న చిన్న ఫ్యాక్టరీలే. ఒక సందులో కాలుతున్న ప్లాస్టిక్ వాసన, దాని పక్క సందులోనే వెన్న, చక్కెర వాసన. ఆ తీపి వాసన వెంట నడిస్తే బిస్కెట్ల కంపెనీ వచ్చింది. ఎదురుగా యాదమ్మ కొట్టు. తెరిచే ఉంది. షట్టర్‌కు కొత్త తాళం వేలాడుతోంది.

మమ్మల్ని చూడగానే గరిటె వదిలేసి వచ్చింది. "ఓ అండీ పిల్లా! మంచిగున్నవా? నేను రాత్రంతా నీ గురించే పరేషాన్."

"మీ తాళాలండీ..." అక్క గుత్తి అందించబోయింది.

"ఇగ ఆ తాళం యాడిది? నిన్న పక్క వర్క్‌షాపోళ్లు కట్టర్ పెట్టి కోసిండ్రు. మా ఆయన ఒక్కటే తిట్టుడు, తాళాలు పంచిపెట్టే దానకర్ణుడివి నువ్వేనా అని."

అక్క డబ్బులు ఇవ్వబోతే చెయ్యి తోసేసింది. బలవంతంగా కూర్చోబెట్టింది. జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, పచ్చిపులుసు పెట్టింది. మా గోంగూరే ఇక్కడ పుంటికూర. మా పచ్చిపులుసులో కాల్చిన వంకాయ ఉంటుంది. ఇందులో నువ్వులపొడి, చేత్తో గట్టిగా పిసికిన ఉల్లిపాయలు. అక్క గిన్నె ఎత్తి తాగేసింది. క్యారేజీల కోసం వచ్చినవాళ్లు వరసలో నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. యాదమ్మ అక్కను చూపించి, "గీ పిల్లకే బస్సుల ఫిట్స్ వచ్చింది. నేనే తాళాలు పెట్టి ఆపిన" అని చెప్పింది.

నేను అన్నాను, "తాళాల వల్ల ఆగదండీ. పక్కకు తిప్పి, టైము చూసుకుంటూ ఉంటే అదే ఆగుతుంది. ఐదు నిమిషాలు దాటితేనే మందు కొట్టి, దవాఖానకు తీసుకెళ్లాలి."

వరసలో ఉన్న ఏడెనిమిది మంది నా వైపు తిరిగారు. చెవులు వేడెక్కాయి. కానీ చెప్పడం అప్పటికే అయిపోయింది.

యాదమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గీమెకు మాటలొస్తయా?" అని అక్కను అడిగింది. తర్వాత గుత్తి మళ్లీ అక్క చేతిలోనే పెట్టింది. "ఆగితే ఆగుతది, లేకుంటే లేదు. మనిషి చేతుల ఏదో ఒకటి ఉండాలె గద. తాళమే లేదు, నాకెందుకియ్యి? ఉంచుకో."

శుక్రవారం

శ్రీశైలం మళ్లీ అదే కాగితం తీశాడు. అదే ప్రశ్న అడిగాడు.

"మా చెల్లిని అడగండి" అంది అక్క.

"కొట్టలేదండీ. బస్సులో కొట్టాక ఇంకేమీ ఇవ్వలేదు" అన్నాను. గట్టిగానే వినబడి ఉండాలి, ఆయన రెండోసారి అడగలేదు.

లోహపు వస్తువులేవైనా ఉంటే తీసెయ్యమన్నాడు. అక్క గాజులు, ముక్కుపుడక, చివరికి యాదమ్మ తాళంచెవులు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. లోపల గంటకు పైనే కదలకుండా పడుకోవాలి. తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. సంచిలో పుస్తకం ఉంది, తీశాను, ఒక్క పేజీ తిప్పలేదు. లోపల ఫిట్స్ వస్తే? కదిలితే? ఈసారి ఎదురుగా నేను లేను.

దీపం ఆరింది. శ్రీశైలం తల బయటపెట్టాడు. "బొమ్మ మంచిగొచ్చిందమ్మా. మీ అక్క రాయి లెక్క పండుకున్నది."

మధ్యాహ్నం తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని కంప్యూటరు ముందుకు పిలిచింది. పూర్తి రిపోర్టు కాకినాడకు పంపుతామని, తొందరపడి ఏమీ అనుకోవద్దని ముందే చెప్పింది. తెర మీద అక్క మెదడు, పొయ్యిలో నిప్పుల రంగులో. దాదాపు అంతా వెలుగే. ఎడమవైపు కింద, ఒక్క చోట, చింతగింజంత మసక.

"సీట్లు లేనిది అక్కడేనా?" అక్క అడిగింది.

"ఇప్పటికి కనబడుతున్నది అక్కడే. మీ చెల్లి రాసిందీ దీనికి సరిపోతోంది. ప్రతిసారీ కుడిచెయ్యే ముందు కదిలింది. మిగతా పరీక్షలు చేశాక ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం."

అక్క తెర మీదికి వంగి చూసింది. "మిగతా బస్సంతా ఖాళీగా ఉంది కదే" అంది నాతో. కూర్చోవడానికి చోటుందని దాని అర్థం.

బయటికి వచ్చి గాజులు తొడుక్కుంటూ చెయ్యి చాచింది. తాళాలు ఇచ్చాను. నా అరచేతిలో వాటి పళ్లు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. అక్క ఆ చెయ్యి పట్టుకుని చూసి, "లోపల ఉన్నది నేను. ఫిట్స్ నీకొచ్చాయా ఏంటి?" అంది.

శంషాబాద్ స్టాపులో ఆరాంఘర్ బస్సు కిక్కిరిసి వచ్చింది. అక్క కిటికీలోంచి కర్చీఫ్ విసిరింది. అది ఒక ముసలాయన తలపాగా మీద పడింది. ఆయన తీసి పక్క సీటు మీద పరిచి, మేం వచ్చేదాకా చెయ్యి అడ్డం పెట్టి ఉంచాడు. ఇద్దరం ఒక్క సీట్లో సర్దుకున్నాం.

బస్సు కదిలాక అక్క అంది, "డైరీ తియ్యి."

"ఎందుకు?"

"ఈ గంట నీ దగ్గర లేదు కదా. నా దగ్గరుంది. రాసుకో."

తీశాను. అక్షరాలు బస్సుతోపాటు ఎగురుతున్నాయి. అక్క కళ్లు మూసుకుని, తొందరలేకుండా చెప్పింది. నేను ఆ చెప్పింది చెప్పినట్టు రాశాను:

'శుక్రవారం. పదీ ఇరవైకి లోపలికి వెళ్లాను. చల్లగా ఉంది. ముక్కు దురద పెట్టింది, గోక్కోలేదు. మొదట పాప గుర్తొచ్చింది. తర్వాత పచ్చిపులుసు. మధ్యలో భయం వేసింది. తలుపు బయట భాను గడియారం చూసుకుంటూ ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత వెయ్యలేదు. అంతసేపూ మెలకువగానే ఉన్నాను. అంతా గుర్తుంది.'